చిక్కుళ్ళని అడిగావా?

పదిహేడో వారం

"నన్నెందుకు అడుగుతావ్? అదిగో, సాక్షులు కిటికీలో నిలబడి ఉన్నారు. వాళ్ళనే అడుగు," అన్నాడు డేల్, కాఫీ కప్పు మీద నుంచి తలెత్తకుండా.

మారిట్ అడగలేదు. అడగడానికి ఏమీ మిగల్లేదు.

వంటింటి కిటికీ గట్టు మీద మూడు పెరుగు కప్పులు. ఒక్కోదాంట్లో మూడేసి చిక్కుడు మొలకలు. మొదటి కప్పులో కొట్లో కొన్న మట్టి. అందులో మొక్కలు నిటారుగా నిలబడి ఆకులు విప్పుకున్నాయి. రెండో కప్పులో అదే మట్టికి వాళ్ళ పెరట్లో కోసి తోటలో పరిచిన పచ్చిక కలిపింది. అవీ దివ్యంగా ఉన్నాయి. మూడో కప్పులో కలిపింది మాత్రం ఏప్రిల్లో ఆమె తండ్రి ఆర్విడ్ ట్రక్కులో తోలి పెట్టిన పశువుల ఎరువు. ఆ మూడు మొక్కలూ మెలికలు తిరిగిపోయాయి. ఆకులు చంటిపిల్లల గుప్పెళ్ళలా ముడుచుకున్నాయి.

పద్దెనిమిది రోజులుగా ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాం ఆ కప్పుల్ని తప్ప ఒకళ్ళనొకళ్ళు చూసుకోలేదు.

"సరే. నీ పచ్చిక తప్పు కాదు," అంది మారిట్.

"నా పచ్చిక తప్పు కాదు. నా తప్పు?"

"నువ్వూ కాదు."

"మళ్ళీ చెప్పు. చెవుల్లో తుప్పు పట్టింది నాకు. మూడు వారాలుగా నీ నోట ఒక్క మంచిమాట విన్న పాపాన పోలేదు."

"పోయినేడు నాకు తెలీకుండా పచ్చిక మీద కలుపు మందు కొట్టింది నువ్వా కాదా?"

"కొట్టాను. ఒక్కసారి. నాలుగు పచ్చపూల పిచ్చిమొక్కల మీద. ఒప్పుకున్నాను, తిట్లు తిన్నాను, డబ్బా తీసుకెళ్ళి జిల్లావాళ్ళ మందుల చెత్తలో పారేసి వచ్చాను. అంతటితో అయిపోలేదే! బఠాణీ ఆకు ముడుచుకుంటే నేనే. టమాటా తల వంకర పోతే నేనే. గరాజ్‌లో నా బీరువా అంతా బయట పడేశావు. నా బూట్లు వాసన చూశావు మారిట్! కుక్కలు కూడా చూడవు అవి."

"నీ మొహం చూస్తే అనుమానం వచ్చింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నావు."

"పెళ్ళాం కళ్ళెర్రజేసి దొంగా దొంగా అంటే పోపు డబ్బా కూడా భుజాలు తడుముకుంటుంది."

మామూలు రోజయితే ఆమె నవ్వేది. ఈవేళ నవ్వు రాలేదు.

"క్షమించమంటున్నాగా," అంది.

"అనలేదు. ఇంకా అనలేదు. కావాలంటే కప్పుల్ని అడుగు, అవేమైనా విన్నాయేమో."

ఫ్రిజ్ తలుపు మీద, ఆవు బొమ్మ అయస్కాంతం కింద, తోట పటం వేలాడుతోంది. జనవరిలో మంచు కిటికీ సగం వరకూ పేరుకున్నప్పుడు, పాత క్యాలెండర్ వెనకవైపు మారిట్ గీసుకున్న పటం అది. ఎనిమిది మళ్ళు. మామూలు మళ్ళు కావు, నడుమెత్తు చెక్క మళ్ళు. మోకాళ్ళు వంగని డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి కుర్చీలో కూర్చునే కలుపు తీసుకోవచ్చు. మడికీ మడికీ మధ్య వాకర్ పట్టేంత దారి. ఎండ పడే చోట బఠాణీలు, పక్కనే టమాటాలు, నీడ పడే మూల పాలకూర. నూల్‌కోల్ ఎవరికీ ఇష్టం లేదు. అయినా దానికో మడి మొత్తం రాసిపెట్టింది, నాన్నకిష్టమని. మందు చుక్క పడకూడదు, సంచీ ఎరువు గుప్పెడు రాకూడదు. అది ఆయన నియమమే.

ఆరేళ్ళ తర్వాత తండ్రీ కూతురూ మళ్ళీ మాట్లాడుకున్నది ఆ పటం మీదే. పొలమూ ఇల్లూ అన్నీ కొడుకు కర్టిస్ పేర రాసేసి, కూతురికి ఒక్క మాటైనా చెప్పని ఆర్విడ్ మీద మారిట్ అలిగి ఆరేళ్ళు ఆ లోయ దారి తొక్కలేదు. ఈ చలికాలంలో ఆయన మెట్ల మీద పడ్డాడు. ఆ కబురు విన్నాకే ఆమె ఆ పటం గీసింది, పట్టుకుని వెళ్ళింది. మంచం పక్కన కూర్చుని ఏం మాట్లాడాలో తెలీక సంచీలోంచి పటం తీసి చూపించింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, పెన్సిల్ అడిగి, "టమాటా వెనక్కి జరుపు. బఠాణీకి ఎండ అడ్డం," అన్నాడు. క్షమాపణ అంతే. మా లోయలో నార్వే నుంచి వచ్చి స్థిరపడ్డ ముసలాళ్ళ తీరే అంత. ప్రేమ అనే మాట వాళ్ళ నోట రాదు. ఉందని చెప్పాలంటే ఒక ట్రక్కు ఎరువు తోలి పెడతారు.

ఆ ట్రక్కే ఏప్రిల్ ఇరవయ్యారున వచ్చింది.

"ఎన్ని గంటలకి వెళ్ళాలి నువ్వు?" అన్నాడు డేల్.

"రెండింటికి. సామాను సర్దుకుని ఉంటానన్నాడు నాన్న. ఇవాళ్టి నుంచీ ఇక్కడే కదా."

"ఈ సంగతి తెలిసి కూడా?"

"ఏ సంగతి? ఎవరికి తెలిసి?" మారిట్ గొంతు లేచింది. "నాన్నకేం తెలుసు? పొలం కర్టిస్‌ది. గడ్డి కర్టిస్‌ది. ఆవులు కర్టిస్‌వి. వాడేం చల్లాడో, ఎప్పుడు చల్లాడో! నాన్న ఎరువు తోలి పెట్టాడంతే."

డేల్ ఏదో అనబోయాడు. వాకిలి తలుపు చప్పుడైంది.

లోర్నా వచ్చింది. పక్కింటి ఆవిడ. జిల్లా వ్యవసాయం ఆఫీసులో ముప్పై ఏళ్ళు పనిచేసి, ఇప్పుడు ఊళ్ళో అందరి మొక్కలకీ ఉచిత వైద్యం చేస్తుంటుంది. కప్పుల పరీక్ష పెట్టి చూడమని చెప్పింది ఆవిడే. చేతిలో గుడ్డ కప్పిన గిన్నె ఉంది. మా ఊళ్ళో చావు కబురు మోసుకొచ్చినా చేతిలో గిన్నె ఉండాల్సిందే.

"రూబార్బ్ పుల్లకాడలతో హల్వాలాంటిది చేశాను. తీపి తక్కువైంది," అంటూ గిన్నె బల్ల మీద పెట్టి, అడక్కుండానే కిటికీ దగ్గరికెళ్ళింది. మూడో కప్పు ఎత్తి వెలుగులో తిప్పి చూసింది. తిరిగి యథాస్థానంలో పెట్టింది.

"నావీ ఇలాగే ఉన్నాయమ్మా," అంది.

మారిట్ కుర్చీలో కూలబడింది. "మీవి కూడానా?"

"రెండు బక్కెట్లు పట్టుకెళ్ళాను కదా ఆ రోజు."

ఎరువు ట్రక్కు వచ్చే రోజున మారిట్ చర్చి వాళ్ళందర్నీ పిలిచింది. ముప్పై ఏళ్ళుగా మందు తగలని పొలం, మా నాన్న పొలం, ఇలాంటి ఎరువు కొనాలన్నా దొరకదు, తలో బక్కెట్టు పట్టుకెళ్ళండి అని చాటింపు వేసింది. పదకొండు ఇళ్ళవాళ్ళు బక్కెట్లతో గేటు దగ్గర వరస కట్టారు. కాఫీ పోసింది, బిస్కెట్లు పంచింది. ట్రక్కు ఆగగానే ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. ఆర్విడ్ దిగకుండా స్టీరింగ్ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ముసలాయనకి కళ్ళనీళ్ళు తిరిగాయనుకున్నారు అందరూ.

"ఏం మందంటారు లోర్నా గారూ?" అన్నాడు డేల్.

"గడ్డి పొలాల మీద కొట్టేది బాబూ. గడ్డికేం కాదు, వెడల్పాకు ముళ్ళమొక్కలు చస్తాయి. ఆ గడ్డి ఆవు తింటుంది. ఆవుకీ ఏం కాదు. పేడలోంచి అట్లాగే బయటికొస్తుంది. ఏడాది మగ్గబెట్టినా చావదు. అది పడ్డ మట్టిలో బఠాణీ, చిక్కుడు, టమాటా, బంగాళాదుంప, ఏదీ బతకదు."

"ఎన్నాళ్ళు?"

"నేల మంచిదైతే రెండేళ్ళు. నేనైతే మూడేళ్ళు ఆగమంటాను. మొక్కజొన్న వేసుకోవచ్చు."

"మా నాన్న మొక్కజొన్న కోసం రావట్లేదు," అంది మారిట్.

లోర్నా ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "వాళ్ళందరికీ ఫోన్లు చెయ్యాలి తల్లీ. పేర్లు రాసివ్వు, సగం నేను చేస్తాను. ఆర్విడ్‌కి ఎవరు చెబుతారు?"

"నేనే. దార్లో చెప్తాను. ప్రాణం పోతుంది ఆయనకి."

"తెలీదంటావా?" అన్నాడు డేల్, మెల్లగా.

మెల్లగానే అన్నాడు. కానీ ఆ మాట కోసమే కాచుక్కూచున్నట్టు మారిట్ లేచి నిలబడింది.

"డేల్, నాకు తొమ్మిదేళ్ళప్పుడు పక్క పొలం నుంచి ఓ తట్ట పేడ తెచ్చి గులాబీకి వేశాను. మా నాన్న ఏమన్నాడో తెలుసా? కొట్టలేదు, తిట్టలేదు. 'చిక్కుళ్ళని అడిగావా?' అన్నాడు. బయటి మట్టి, బయటి పేడ, ఏదొచ్చినా ముందు చిక్కుళ్ళని అడగాలన్నాడు. మూడే గింజలు. ఒకటైతే అబద్ధమాడొచ్చు, రెండైతే కూడబలుక్కోవచ్చు, మూడు కలిసి అబద్ధమాడవు అన్నాడు. ఈ కప్పుల పరీక్ష లోర్నా గారికి ఆఫీసులో నేర్పారేమో. నాకు నేర్పింది ఆయన!"

"అదే అంటున్నా. నీకు నేర్పినాయన తను..."

"అడిగాడు! ట్రక్కు దిగగానే నేనడిగాను, అందరి ముందూ. చిక్కుళ్ళని అడిగావా నాన్నా అని. నవ్వులాటకే అడిగాననుకో. అడిగానమ్మా అన్నాడు. నీకు వినబడలేదా?"

"వినబడింది."

"మరి? ఆయనడిగింది కుప్పలో మంచి వైపు అయ్యుంటుంది. లేకపోతే కర్టిస్ మాయచేసి వేరే కుప్పలోంచి ఎత్తించి ఉంటాడు. వాడికి అంత ఓపికుంది. మా నాన్న పొలం రాసిస్తాడు, కన్నకూతురికి చెప్పడు, మాట మింగుతాడు, అన్నీ నిజమే. అబద్ధం మాత్రం ఆడడు."

"నేను ఆడాడనలేదు."

"అంటున్నావు. మొహమంతా అంటున్నావు." ఆమె చెయ్యి బల్ల మీద పడింది. రూబార్బ్ గిన్నె కదిలింది. "విను. లోర్నా గారూ, మీరూ వినండి. మా నాన్నకి తెలిసుంటే, తెలిసి కూడా ఆ విషం తెచ్చి నా చేతుల్లో పోసుంటే, ఆయన్ని ఈ గుమ్మం తొక్కనివ్వను. నువ్వు కాదు డేల్, నేనే. నా నోటితో నేనే వెళ్ళిపొమ్మంటాను. సరేనా?"

"అంత మాట ఎందుకమ్మా," అంది లోర్నా.

"పెద్ద మాట అది," అన్నాడు డేల్.

"పెద్దమనిషి గురించి మరి. చిన్న మాట ఎలా ఆనుతుంది?"

నోరా వీపుకు తేకే అంటారు. మారిట్‌కి ఆ సామెత తెలీదు. ఆమెకు తెలిసిందల్లా తండ్రి వైపు నిలబడ్డం, అదీ ఆరేళ్ళ అలుకకి వడ్డీతో సహా. పుట్టింటి మీద కోపం ఉన్న ఆడపిల్ల తను ఎంతైనా అంటుంది. మొగుడు అరమాట అంటే మాత్రం గొడ్డలి తీస్తుంది.

లోర్నా పేర్లు రాయించుకుని వెళ్ళిపోయింది.

తర్వాత డేల్ సొరుగులోంచి నల్ల మార్కరు తీశాడు. ఫ్రిజ్ దగ్గరికెళ్ళి, అయస్కాంతం తీసి, పటాన్ని తలుపు మీదే అరచేత్తో ఒత్తిపట్టుకుని, ఎనిమిది మళ్ళ మీదుగా ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్కటే మాట రాశాడు. మూడేళ్ళు. పెద్ద అక్షరాలు. ఆర్విడ్ పెన్సిల్ దిద్దుళ్ళు వాటి కింద పడిపోయాయి.

"ఎందుకలా చేశావ్?" అంది మారిట్.

"నాకెందుకో గుర్తుంచుకోవాలనిపించింది. ఆ పలకలు కోసింది నేను. మేకులు కొట్టింది నేను. మార్చి గాలిలో వేళ్ళు కొంకర్లు పోతుంటే, ఇరవయ్యెనిమిది అంగుళాలే ఉండాలి, ముప్పై అయితే నాన్న భుజం నొప్పి అంటాడు అని నువ్వు టేపు పట్టుకుని నిలబడితే, విప్పి మళ్ళీ కోసింది నేను. మీ నాన్న పదేళ్ళుగా నన్ను పేరు పెట్టి పిలవడు. 'అతను' అంటాడు. అతను బండి నడుపుతాడా, అతను తింటాడా. ఆ అతనే కట్టాడు ఎనిమిది మళ్ళు. ఆకు ముడుచుకోగానే ముందు ఎవరి మీద పడ్డావు నువ్వు?"

ఆమె మార్కరు అందుకుని మూత పెట్టింది.

"మూడేళ్ళంటే మీ నాన్నకి ఎనభై రెండు," అన్నాడు.

"లెక్క నాకొచ్చు."

"కూర్చోడానికి మడి లేదు, పీకడానికి కలుపు లేదు. పొద్దస్తమానం ఆ గదిలో ఏం చేస్తాడు?"

మారిట్ ఏడ్చింది. చప్పుడు చెయ్యకుండా, సింకు వైపు తిరిగి, నీళ్ళు తిప్పి. డేల్ కాసేపు నిలబడి చూశాడు. ఒకప్పుడైతే వెనక నుంచి వచ్చి పట్టుకునేవాడు. ఈవేళ రెండడుగులు వేసి ఆగిపోయాడు. కాళ్ళకి కూడా అభిమానం ఉంటుంది.

"వెళ్ళి తీసుకురా ఆయన్ని," అన్నాడు చివరికి. "తెలీకపోతే ఆయన తప్పేం లేదు. నేనీలోపు స్నానాలగదిలో కడ్డీ బిగిస్తాను. జారితే పట్టుకోడానికి ఏదో ఒకటి ఉండాలి కదా, ఎవరికైనా."

"డేల్..."

"వెళ్ళు. రెండవుతోంది."

లోయలోకి పాతిక నిమిషాల దారి. దారి పొడవునా మారిట్ తనలో తను మాట్లాడుకుంటూనే ఉంది. ఎలా మొదలుపెట్టాలి? 'నాన్నా, నువ్వు కంగారుపడకు' అనా? కంగారుపడకు అంటేనే కంగారు మొదలవుతుంది. 'కర్టిస్ నీకు తెలీకుండా కొండవాలు పొలంలో మందు కొట్టించాడు నాన్నా' అంటే ఆ గుండె ఆగిపోదూ? అమ్మ టోర్డిస్ రొమ్ము జబ్బుతో పోయిన ఏడాదే ఆయన పొలంలో మందులన్నీ మానేశాడు. డాక్టర్లు ఎవరూ దానికీ దీనికీ సంబంధం ఉందనలేదు. ఆయనే అనుకున్నాడు. డబ్బాలన్నీ పోగేసి ఇచ్చేసి వచ్చి, ఆ రాత్రి చేతులు మోచేతుల దాకా కడుక్కున్నాడు. ఇంకో మనిషి ఇంట్లో పోతే నావల్ల కాకూడదు అన్నాడు. ఆ మనిషికి, నీ కొడుకు మళ్ళీ ఆ డబ్బా మూత తీశాడు అని చెప్పాలి.

నేను చెప్తాను, నెమ్మదిగా చెప్తాను, చెయ్యి పట్టుకుని చెప్తాను అనుకుంది. కన్నతండ్రి మీద జాలితో కళ్ళు మసకబారి, మలుపులో పాల ట్యాంకరు హారన్ కొట్టేదాకా చూసుకోలేదు.

ఆర్విడ్ అరుగు మీద వంటింటి కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఆదివారం చొక్కా, మెడ దాకా బొత్తాలు. పక్కన రెండు పెట్టెలు, టోర్డిస్ కుట్టుపని డబ్బా, వాకరు. అంతే. ఆ ఇంట్లో అరవై ఏళ్ళు.

"వచ్చావా," అన్నాడు.

"వచ్చాను నాన్నా. కర్టిస్ ఏడీ?"

"గడ్డి కోస్తున్నాడు. మళ్ళీ వాన పడితే పాడైపోతుందట." దూరంగా కొండవాలులో ట్రాక్టరు చప్పుడు. అది వీళ్ళ వైపు వచ్చి, కంచె దగ్గర తిరిగి, మళ్ళీ వెళ్ళిపోయింది. కర్టిస్ చెయ్యైనా ఊపలేదు.

"తిన్నావా?"

"తిన్నాను. రొట్టె ముక్క. అతను బాగున్నాడా?"

"డేల్. ఆయన పేరు డేల్ నాన్నా. నీ కోసం స్నానాలగదిలో కడ్డీ బిగిస్తున్నాడు."

ముసలాయన ఒకసారి రెప్పలు ఆర్పాడు. "కడ్డీ దేనికి? నేనేం పడను."

మారిట్ మెట్టు మీద కూర్చుని ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. "నాన్నా, నీకొకటి చెప్పాలి. కాస్త గట్టి గుండెతో వినాలి."

"దార్లో చెబుదువులే. ఎండ మండుతోంది."

"ఇప్పుడే చెప్తాను."

"దార్లో, తల్లీ." ఆయన ఆమె చెయ్యి మీద తట్టాడు. ఆమె ఊరుకుంది. రెండు పెట్టెలూ తన ట్రక్కులో ఎక్కించింది. డబ్బా ముందు సీట్లో పెట్టింది.

"ఇంకా ఏమైనా ఉన్నాయా? అమ్మ బొరిగె ఏది? పొట్టి కర్రది, కలుపు తీసేది."

"దాంతో ఏం పని?"

"పని ఉంటుందిలే." మడి లేని తోటలో బొరిగెకి పనేమిటో ఆమెకీ తెలీదు. అయినా అది ఈ ఇంట్లో వదిలెయ్యడానికి మనసొప్పలేదు. "పాల గదిలో మేకుకి వేలాడేది కదా. తెస్తానుండు."

"వదిలెయ్ అమ్మాయ్."

"ఒక్క నిమిషం."

"పాల గదిలో ఏం లేవు. దుమ్ము. వదిలెయ్ అంటున్నానా!"

గొంతులో అంత గట్టిదనం ఆమె ఈమధ్య వినలేదు. వస్తువులు వదిలి వెళ్ళే బాధ అనుకుంది. పెద్దవాళ్ళంతే, కావాలనుకుంటూనే వద్దంటారు. నవ్వుతూనే వెళ్ళింది.

కర్టిస్ కొత్త కొట్టం కట్టాక పాల గదిలో పాలు పితికిన వాళ్ళు లేరు. తలుపు ఒరుసుకుంటూ తెరుచుకుంది. బొరిగె మేకుకే ఉంది. దాన్ని తీసుకుని తిరగబోయింది.

పడమటి కిటికీలో వెలుతురు అడ్డంగా కొన్ని డబ్బాల మీద పడుతోంది.

కాఫీ డబ్బాలు. నాలుగు. ఒక్కోదాని మీద తెల్ల టేపు, టేపు మీద పెన్సిల్ రాత. ఆ రాత ఎవరిదో ఆమెకు ఒకళ్ళు చెప్పక్కర్లేదు. పటం మీద బఠాణీల దగ్గర ఉన్న రాతే.

'ఏప్రిల్ 1. కుప్ప పైభాగం.' లోపల మూడు చిక్కుడు మొక్కలు. ఎండిపోయి చాలా రోజులైంది. ఎండినా మెలికలు విడలేదు.

'ఏప్రిల్ 14. కుప్ప అడుగు.' మూడు. మెలికలే.

ట్రక్కు వచ్చింది ఇరవయ్యారున.

'మే 3. ఉత్తరం వైపు.' మూడు.

'మే 28. మధ్యలోంచి.' ఇవి ఇంకా పచ్చగానే ఉన్నాయి. పచ్చగా ఉండి, తలలు వాల్చి, ఆకులు గుప్పెళ్ళు బిగించుకుని ఉన్నాయి. మారిట్ మట్టిలో వేలు పెట్టి చూసింది. తడిగా ఉంది. పొద్దున్నే నీళ్ళు పోశాడు. ఇల్లు వదిలి వెళ్ళే రోజున కూడా, ఆదివారం చొక్కా వేసుకుని, వాకరు పట్టుకుని ఇక్కడి దాకా నడిచొచ్చి, నీళ్ళు పోశాడు.

నాలుగు మూళ్ళు పన్నెండు గింజలు. పన్నెండింటినీ అడిగాడు. ఒక్కటైనా కాదంటుందేమోనని కుప్పకి నాలుగు వైపుల నుంచీ అడిగాడు. అన్నీ ఒక్క మాటే చెప్పాయి.

ఆ గదిలో ఎంతసేపు నిలబడిందో ఆమెకు తెలీదు. ట్రాక్టరు దగ్గరికొచ్చి మళ్ళీ దూరమైంది. దార్లో చెయ్యి పట్టుకుని చెబుదామని కూర్చుకున్న మాటలన్నీ గొంతులో ఉన్నాయి. సిగ్గేసింది. వాటిని తలుచుకుని, డేల్‌ని తలుచుకుని, బూట్లు వాసన చూసిన తన ముక్కుని తలుచుకుని సిగ్గేసింది.

నాలుగో డబ్బా చేత్తో పట్టుకుని బయటికొచ్చింది. బొరిగె అక్కడే పడిపోయింది.

ఆర్విడ్ అరుగు దిగి, వాకరు మీద ఒరిగి, ట్రక్కు పక్కన నిలబడి ఉన్నాడు. డబ్బా చూశాడు. తర్వాత తన చేతుల వైపు చూసుకున్నాడు.

"మీ అమ్మ దాచుకునేది ఆ డబ్బాలు," అన్నాడు.

మారిట్ దగ్గరికొచ్చి ఆగింది. ఏమేమో అందామనుకుంది. నోట్లోంచి తొమ్మిదేళ్ళ పిల్లప్పుడు విన్న మాటే వచ్చింది.

"చిక్కుళ్ళని అడిగావా నాన్నా?"

"అడిగాను."

"ఏమన్నాయి?"

ఆయన దవడ కదిలింది. ఈ కుటుంబంలో మగవాళ్ళకి కీలకమైన చోట మాట రాదు. పొలం రాసిచ్చిన రోజునా ఇంతే.

"ఏమన్నాయి నాన్నా? ఏప్రిల్లో ఏమన్నాయి?"

"ఆ రోజు చెబుదామనే వచ్చాను," అన్నాడు. "ట్రక్కు నీ దగ్గర ఆపి, ఇది వెయ్యకమ్మా, వెనక్కి తోలుకుపోతాను అని చెబుదామనే. నువ్వు గేటు దగ్గర అందర్నీ నిలబెట్టావు. బక్కెట్లు పట్టుకుని. ఎవరో చప్పట్లు కొట్టారు. మా నాన్న, మా నాన్న పొలం అంటున్నావు. ఆరేళ్ళయింది నువ్వు ఆ మాట అని."

"అందుకని పోశావా?"

"నా పొలం కాదు అది. ఇప్పుడు. ఆ మాట అంతమందిలో ఎలా చెప్పను?"

"నా మళ్ళలో పోశావు. పదకొండిళ్ళలో పోశావు. డేల్ మీద పడ్డాను నేను, తెలుసా? మొన్న ఫోన్లో నీతో చెప్పాను. ఆయనే ఏదో కొట్టాడు నాన్నా అని ఏడ్చాను. నువ్వు విన్నావు. విని, ఊఁ అన్నావు!"

"ఊఁ అన్నాను," అన్నాడు ఆర్విడ్.

ఆ ఒప్పుకోలు ఆమెను కొట్టినట్టు తగిలింది. కాదంటే బావుండేది. కర్టిస్ మీదకు తోసేసినా బావుండేది.

జేబులో ఫోన్ కదిలింది. చూడకూడదనుకుంటూనే చూసింది. డేల్ దగ్గర్నుంచి. 'కడ్డీ బిగించాను. వేలాడి చూశాను, నన్నే మోసింది. పెద్దాయనకి చెప్పు. బయల్దేరారా?'

అక్షరాలు కదలకుండా అలాగే ఉన్నాయి. నేనే వెళ్ళిపొమ్మంటాను, నా నోటితో నేనే అని ఇందాక బల్ల గుద్ది అన్నది తనే. విన్నవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళు మర్చిపోయినా తను మర్చిపోలేదు. ఇటు చూస్తే ఆ ఇంట్లో ఆయన మంచం నిన్ననే తీసేశారు. ఆ గదిలో కర్టిస్ పెళ్ళాం కుట్టుమిషను పెట్టుకుంది.

"అతనేనా?" అన్నాడు ఆర్విడ్.

ఆమె ఫోన్ జేబులో వేసుకుంది.

ఆయన చొక్కా జేబులో వెతుక్కున్నాడు. రెండుసార్లు జారిపోయి మూడోసారికి ఇంటి తాళంచెవి బయటికొచ్చింది. అరవై ఏళ్ళుగా ఆయన దగ్గరున్న తాళంచెవి. ఎడం చేత్తో వాకరు పట్టుకుని, కుడిచేత్తో దాన్ని ఆమె వైపు చాపాడు.

"అమ్మాయ్, దీన్ని కర్టిస్ ఉత్తరాల డబ్బాలో వేసి నీతో రమ్మంటావా," అన్నాడు, "నా దగ్గరే ఉంచుకోమంటావా?"

కొండవాలు మీద ట్రాక్టరు ఆగింది. కర్టిస్ దిగి, కంచె పట్టుకుని ఇటే చూస్తున్నాడు.

మారిట్ చేతిలో డబ్బా అలాగే ఉంది. రెండో చెయ్యి ఖాళీగానే ఉంది. ఆమె దాన్ని చాచలేదు.